రాతగాళ్ల కథ చెప్పిన రంగం మామ్మ

పోయిన మంగళవారం పొద్దున్న ఒక ఆటో మా రేడియో రిపేరు షాపు ముందు ఆగింది. నడిపే అతను దిగకుండానే తల బయటపెట్టి, "బావా, రంగం మామ్మ పోనాది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి ఆనుకొని ఉండిపోనాదంట" అన్నాడు. సోల్డరింగ్ ఐరన్ స్విచ్ తీసేసి షట్టరు దించాను. కంచరపాలెం రైల్వే గేటు దాకా నడిచేసరికి ఆవిడ బడ్డీ ముందు అప్పటికే యాభైమంది కలాసీలు నిలబడి ఉన్నారు. గూడ్సు షెడ్డులో బస్తాలు మోసేవాళ్లు.

రంగం అంటే రంగూన్. మా వైపు జనం ఒకప్పుడు ఓడలెక్కి కూలికి వెళ్లిన ఊరు. మామ్మ అక్కడే పుట్టింది. యుద్ధంలో అక్కణ్ణుంచి నడిచి వచ్చింది. ఈ ఊళ్లో చాలామందికి ఆవిడ చైనా రాజుల కథలు తెలుగులో చెప్పిన మనిషిగా తెలుసు. ఆ కథల్ని టేపులకెక్కించినవాణ్ణి నేను. మేమిద్దరం ఒక హత్యకు సాక్ష్యం కూడా చెప్పాం. ఆ సంగతి ఇప్పుడు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయను.

ఆవిడ మొదటిసారి మా షాపుకి వచ్చింది డెబ్భైల మొదట్లో. పాత రేడియో ఒకటి తువ్వాల్లో చుట్టుకొని తెచ్చింది. బాగుచేసి, ఏ స్టేషను పెట్టమంటావు మామ్మా అన్నాను.

"సైనా" అంది.

శ్రీకాకుళం కొండల్లో గొడవలు ఇంకా పూర్తిగా చల్లారని రోజులవి. చైనా అన్న మాట గట్టిగా అనడానికే జనం జంకేవారు. వాల్యూం తగ్గించి ముల్లు తిప్పాను. ఎవరో ఆడమనిషి ఆ భాషలో గబగబా చదువుతోంది. మామ్మ తల వంచి, చెవి దగ్గరపెట్టి చాలాసేపు వింది. తర్వాత లేచి కొంగు దులుపుకుంది.

"ఇది మా తాత బాస కాదురా సాయిబూ. సైనా అంటే ఒక్క బాసనుకున్నావేటి? మనకీ అరవోలికీ ఉన్నంత దూరం ఉన్నాది."

మర్నాడు నాకు గిన్నెతో సేమ్యా తెచ్చింది. పొడుగు సేమ్యా ఉడకబెట్టి, కొబ్బరిపాల పులుసు పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లి గేటు దగ్గర అమ్మేది. ఆ గిన్నె ఖాళీ అయ్యేలోపు ఆ తాత ఎవరో చెప్పింది. ఆయన రంగంలో శవపేటికలు చేసే చైనా వడ్రంగి. మామ్మ ఎనిమిదేళ్లప్పుడు ఆయన ఇంట్లో పనికి కుదిరింది. ఆయన చిత్రిక పడుతూ, తన భాష కొంత, బర్మా భాష కొంత, హిందుస్తానీ కొంత కలిపి తన దేశం కథలు చెప్పేవాడట. కథ మొదలుపెట్టే ముందు ఒక చెక్కముక్కతో బల్ల మీద గట్టిగా కొట్టేవాడు. అది అక్కడ కథకుల పద్ధతి. ఊరి మీద బాంబులు పడ్డప్పుడు పెట్టెలు చేసి చేసి చెక్క అయిపోయింది. ఇంటి తలుపులు ఊడదీసి చేశాడు. నాలుగో రోజు ఆయన మీదే బాంబు పడింది.

"ఆయనకి మాత్రం సెక్క మిగల్నేదు" అంది మామ్మ. అంతే చెప్పి గిన్నె తీసుకొని వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి ఒక స్పూల్ టేప్ రికార్డరు రిపేరుకొచ్చింది. బాగుచేశాక ఎలా పలుకుతుందో చూద్దామని మామ్మని ఏదైనా మాట్లాడమన్నాను. ఆవిడ నా బల్ల మీది చెక్కముక్క తీసి ఫట్టున కొట్టింది. రికార్డరు మీద సూది చివరిదాకా ఎగిరిపడింది.

"ఓ రాజు. ఆరు రాజ్యాలు కొట్టి తన దాంట్లో కలిపేసినాడు. కలిపేసి, పాత పుత్తకాలన్నీ తగలెట్టేయమన్నాడు. ఎందుకూ? తనకి ముందు ఎవడూ నేడని జనం అనుకోవాల. సదూకున్నోలు గొణిగినారు. గొయ్యి తవ్వించినాడు. బతికుండగానే దింపి మట్టి పోయించినాడు. మట్టి పీకదాకా వచ్చినాక ఒకడు పుత్తకం అప్పసెప్పడం మొదలెట్టినాడు. నోట్లోకి మట్టి పోయేదాకా అప్పసెప్పినాడు."

నిజమేనా మామ్మా అని అడిగాను.

"కప్పెట్టింది నిజిం. అప్పసెప్పడం మా తాత కలిపినాడేమో. అయినా అంతమందిలో ఎవడో ఒకడు సెప్పే ఉంటాడు."

ఆ టేపు మధ్యాహ్నం షాపు బయట స్పీకరులో వేశాను. గూడ్సు షెడ్డు కలాసీలు రోజూ మా అరుగు మీదే క్యారేజీలు విప్పుకొని తినేవారు. ఆ రోజు సగం అన్నం వదిలేసి విన్నారు. అప్పటినుంచి వారానికో కథ. రాజు కోపానికి గురై, మగతనం కోయించుకొని కూడా తన దేశం చరిత్ర రాయడం మానని పెద్దాయన కథ చెప్పినప్పుడు అంత బలమైన మగవాళ్లూ కాళ్లు దగ్గరికి ముడుచుకు కూర్చున్నారు. కోట చుట్టూ శత్రువులు మూగితే, లోపల గుర్రాల్ని తిని, తోళ్లు ఉడకబెట్టుకు తిని, ఆ తర్వాత ఏం తిన్నారో చెప్పే చోట మామ్మ కాస్త ఆగేది. "తినీసినారా? తినీసినాక ఇనండి" అనేది వాళ్ల క్యారేజీల వైపు చూసి.

ఆవిడ ఎంత నెత్తురు చెప్పినా గొంతు పెంచేది కాదు. ఒకసారి నేనే కాస్త ఏడుపు గొంతుతో చెప్పమన్నాను. "ఏడుపు ఇన్నోడిది. సెప్పినోడే ఏడిసేత్తే ఆడికేటి మిగుల్తాది?" అంది.

ఎమర్జెన్సీలో ఇద్దరు మఫ్టీ పోలీసులు వచ్చారు. చైనా ప్రచారం చేస్తున్నావట కదా అని ముందు నా చెంప పగలగొట్టి, తర్వాత టేపు వేయమన్నారు. వేశాను. ఒక సేనాపతి తన సొంత తమ్ముడి తల పళ్లెంలో పెట్టించుకునే కథ. అది సగంలో ఉండగా వాళ్లలో పెద్దవాడు ఇక చాలు పదమన్నాడు. రెండోవాడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఆ తమ్ముడు నిజంగా తప్పు సేసినాడా?" అని నెమ్మదిగా అడిగాడు. తర్వాత ఆ సంగతి చెబితే మామ్మ నా చెంపకి వెన్న రాస్తూ చాలాసేపు నవ్వింది.

రోజూ వినేవాళ్లలో ఒక కలాసీని మేం ఎర్ర తువ్వాలు అనేవాళ్లం. ఎప్పుడూ మెడ చుట్టూ అదే ఉండేది. పొడుగ్గా ఉండేవాడు, బొబ్బిలి వైపు మనిషి. అందరూ వినేసి లేచిపోతే అతను మాత్రం ప్రశ్నలు వేసేవాడు. క్యాసెట్లు వచ్చిన కొత్తలో మామ్మ రాతగాళ్ల కథ చెప్పింది. మీకూ చెబుతాను.

పూర్వం చైనాలో ఒక మంత్రి తన రాజును చంపించాడు. కొలువులో ఏ రోజు ఏం జరిగిందో వెదురు పేళ్ల మీద రాసే ఉద్యోగి ఒకడుండేవాడు. ఫలానా మంత్రి తన రాజును చంపాడు అని రాశాడు. మంత్రి అతని తల తీయించాడు. ఆ పని అతని తమ్ముడికి వచ్చింది. తమ్ముడూ అదే వాక్యం రాశాడు. అతని తలా పోయింది. ఇంకో తమ్ముడు వచ్చాడు, అదే రాశాడు, చచ్చాడు. చివరి తమ్ముడు వచ్చి అదే వాక్యం రాస్తే మంత్రి విసిగిపోయి వదిలేశాడు. దూరంగా ఇంకో ఊళ్లో మరో రాతగాడున్నాడు. అన్నదమ్ములందరూ చచ్చిపోయారని విని, ఆ వాక్యం రాయడానికి వెదురు పేళ్లు పట్టుకొని బయల్దేరాడు. దారిలో ఎవరో, చివరివాడు రాసేశాడు, బతికే ఉన్నాడని చెబితే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు.

ఎర్ర తువ్వాలు అడిగాడు. "సివరోడికి భయమెయ్యనేదేటి మామ్మా?"

"ఎందుకెయ్యదురా? భయమేత్తే ముందు నీల్లు తాగాల. పీక తడిత్తే మాట దానంతటదే వత్తాది."

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, షెడ్డులో సిమెంటు బస్తాల దొంతర కూలింది. ఒక కలాసీ కాలు నుజ్జయింది. కంట్రాక్టరు మనుషులు అతన్ని నీడకి లాగేసి, ముందు వ్యాగన్ ఖాళీ చెయ్యమన్నారు. ఎర్ర తువ్వాలు షెడ్డు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఆడ్ని ఆసుపత్రికి తీసికెల్లేదాకా ఒక్క బస్తా లెగదు" అన్నాడు. ఎవరూ లేపలేదు. గంట తర్వాత కాలు విరిగినవాణ్ణి రిక్షాలో పంపారు. ఆ వెంటనే కంట్రాక్టరు బావమరిది నలుగుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు.

ఎర్ర తువ్వాలు అప్పుడు మామ్మ బడ్డీ దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు. నేను రోడ్డుకి ఇవతల మా షాపులో ఉన్నాను. బావమరిది చేతిలో బస్తాలు లాగే ఇనప కొక్కెం ఉంది. మొదటి దెబ్బకి అది భుజంలో దిగింది. దాన్ని పట్టుకునే అతన్ని పట్టాల వైపు ఈడ్చాడు. అతను లేవబోతే మిగతావాళ్లు కర్రలతో మోకాళ్ల మీద కొట్టారు. రెండో దెబ్బ మెడమీద పడింది. అతను అరవలేదు, అరవడానికి గొంతు లేదు. మామ్మ వేడి పులుసు గిన్నె ఎత్తి వాళ్ల మీద విసిరింది. ఒకడు ఆవిణ్ణి కాలితో తోసేశాడు. రోడ్డు పొడవునా షట్టర్లు పడుతున్న చప్పుడు.

నేనూ దించాను. సరిగ్గా రాయాలి కాబట్టి రాస్తున్నాను. షట్టరు దించి, కింద మిగిలిన జానెడు సందులోంచి చూశాను. అతని మడమలు నేలకేసి కొట్టుకోవడం, తర్వాత ఆగిపోవడం చూశాను.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చి అందర్నీ అడిగాడు. కలాసీలు భోజనానికి వెళ్లామన్నారు. షట్టరు దించి ఉందండీ అన్నాను నేను. అబద్ధం కాదు. మామ్మ తన గిన్నెల మీద పడ్డ నెత్తురు ఇసకతో తోముతోంది. తలెత్తకుండానే చెప్పింది.

"నాను సూసినాను. కంట్రాక్టరు బావమరిది సంపినాడు. కొక్కెంతో."

"బాగా ఆలోచించుకో మామ్మా."

"నువ్వు రాయి బాబూ."

ఎనిమిదో రోజు దీపాలు పెట్టే వేళకి వాళ్లు వచ్చారు. బడ్డీకి నిప్పు పెట్టారు. ఆవిడ ఎడమ చెయ్యి రోటిమీద పెట్టి, పొత్రంతో వేళ్లు చితక్కొట్టారు. దవడ మీద కొట్టారు. అక్కణ్ణుంచి నా దగ్గరికి వచ్చారు. "ఈ ముసిల్దానికి నోరిచ్చింది నువ్వే కదా సాయిబూ" అంటూ అలమరలోంచి స్పూళ్లు, క్యాసెట్లు అన్నీ దించి, తొక్కి, లోపలి రీళ్లు లాగేశారు. ఒకడు చేతికందిన రేడియో తీసి నా తలమీద కొట్టాడు. ఎడమ చెవి అప్పటినుంచి వినపడదు. "నీకు ఇద్దరాడపిల్లలు" అని కుడి చెవిలో చెప్పి మరీ వెళ్లారు. ఆ గోధుమరంగు రీళ్లు గాలికి ఎగిరి కరెంటు తీగలకి చుట్టుకొని, వానలు పడేదాకా అలాగే వేలాడాయి. పదేళ్ల కథలు.

పెద్దాసుపత్రిలో మామ్మ దవడకి తీగలు కట్టారు. నెల తర్వాత పళ్ల సందుల్లోంచి మాట్లాడటం మొదలుపెట్టింది. నేను వెళ్లి, నీళ్లు నమిలి, చివరికి మనసులో ఉన్నది అనేశాను. "మామ్మా, నువ్వు చెప్పేశావు కదా. కాగితం మీద పడింది. ఆ కథలో దారిలోంచి వెనక్కి వెళ్లినవాడు ఉన్నాడు కదా. నేను ఆ మనిషిని అనుకో."

ఆవిడ తీగలు కట్టిన దవడని అరచేత్తో పట్టుకొని అంది.

"ఆడు ఎనక్కి తిరిగినాడు, ఔను. కానీ ముందు ఇంట్లోంచి బయల్దేరినాడు. నువ్వు బయల్దేరినావేటి?"

అప్పుడు ఆవిడ అంతకుముందు ఎప్పుడూ చెప్పనిది చెప్పింది. రంగం నుంచి నడిచి వస్తున్నప్పుడు కొండదారిలో ఒక కుర్రాడి దగ్గర బియ్యం సంచి ఉందట. నలుగురు తోటి ప్రయాణికులే అతని తల రాతితో చితక్కొట్టి సంచి తీసుకున్నారు. మామ్మ పొదచాటు నుంచి చూసింది. శిబిరానికి చేరాక ఆ కుర్రాడి తల్లి ఒక్కొక్కర్నీ గడ్డం పట్టుకొని అడిగింది, నా కొడుకుని ఎక్కడైనా చూశారా అని.

"అప్పుడు నాకు ఇరవై యేల్లు. ఆ సంపినోలు పక్కనే కూకుని అన్నం తింతన్నారు. సూన్నేదమ్మా అన్నాను. ఆ తల్లి ఇంకో మూడ్రోజులు దారికెదురుగా కూకున్నాది. నాను ఇన్ని కతలు సెప్పినాను గానీ సాయిబూ, ఆ ఒక్కమాట సెప్పనేకపోయాను."

ఇంటికి వెళ్లి మా ఆవిడతో, సాక్ష్యం చెప్పాలనుకుంటున్నానన్నాను. గొడవ పడుతుందనుకున్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ, "ఆ రోజు మీకు అన్నం డబ్బా తెచ్చి పక్కసందు తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ తలుపులోంచి పట్టాలు కనపడతాయి" అంది. ఎన్ని నెలలు ఒకే కంచంలో చెయ్యి పెట్టి, ఇద్దరం ఒకటే చూశామని ఒకరికొకరు చెప్పుకోలేదో. "పిల్లల్ని పాత పోస్టాఫీసు దగ్గర మా అమ్మావాళ్లింట్లో ఉంచుతాను. మీరు వెళ్లండి. మిమ్మల్ని ఏమైనా చేస్తే నేను వెళ్తాను."

కోర్టులో వాళ్ల వకీలు ముందు మామ్మ కళ్ల మీద పడ్డాడు. శుక్లాలున్నాయి కదా, ఆ గోడ మీద ఏముందో చెప్పు అన్నాడు.

"గడియారం. టైమెంతో నాకు తెల్దు. కళ్లుండీ తెల్దు, సదువు నేదు."

నవ్వులు. వకీలు ఇంకో దారి పట్టాడు. ఈవిడ చైనా కథలల్లి జనాన్ని పోగేసే మనిషి, రాజుల్ని మంత్రులు చంపారని రోజూ చెబుతుంది, ఇదీ అలాంటిదే అన్నాడు.

మామ్మ వంకర దవడతో మెల్లగా అంది. "కతలో అయితే రాజుని సంపినారు బాబూ. ఇక్కడ కలాసీని సంపినారు. నాకు ఆ తేడా తెల్దనుకున్నావేటి?"

నా వంతు వచ్చినప్పుడు మంచినీళ్లు అడిగాను. తాగి, షట్టరు దించిన దగ్గర్నుంచి మడమలు ఆగిపోయిన దాకా చెప్పాను. ఎందుకు ఇన్నాళ్లు చెప్పలేదని వకీలు గద్దిస్తే, భయం వల్ల అన్నాను. వకీలు కాగితాలు మడిచి కూర్చున్నాడు.

బావమరిదికి, ఇంకొకడికి యావజ్జీవం పడింది. పై కోర్టులో తగ్గింది గానీ పోలేదు. మిగతా ముగ్గురూ బయటపడ్డారు. కంట్రాక్టరుకి ఏమీ కాలేదు, ఇంకో షెడ్డుకి మారాడు. కాలు విరిగిన కలాసీ బతికాడు, ఇప్పుడు గేటు దగ్గర కిళ్లీలు కడతాడు. న్యాయం అంటే ఇంతేనా అని ఒకసారి మామ్మ దగ్గర చిరాకుపడ్డాను. "పేరు రాతలోకెక్కినాది కదా. మా తాత కతల్లో సానా మందికి అదీ నేదు" అంది.

కలాసీలే పాత చెక్కలు తెచ్చి బడ్డీ మళ్లీ కట్టారు. వేళ్లు వంగని చేత్తోనే ఆవిడ ఉల్లిపాయలు తరిగేది. నేను కొత్త క్యాసెట్లు తెచ్చి, పోయిన కథలన్నీ మొదట్నుంచి చెప్పించాను. గొంతు మారింది, కొన్ని అక్షరాలు పలకడానికి దవడ సహకరించేది కాదు, అయినా చెప్పింది. రాతగాళ్ల కథ మాత్రం ఎంత అడిగినా మళ్లీ చెప్పలేదు. "అది సెప్పడం అయిపోనాది" అనేది. అందుకే ఆ కథ ఇప్పుడు ఏ టేపులోనూ లేదు.

ఆవిడకి పిల్లల్లేరు. మంగళవారం శ్మశానంలో కొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. అంతలో ఎర్ర తువ్వాలు భార్య మగవాళ్లని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఇప్పుడు ఆవిడ జాలరిపేటలో చేపలు ఎండబెట్టే పనికి వెళుతోంది. ఆడమనిషి కొరివి పెట్టడమేంటమ్మా అన్నాడొక పెద్దాయన.

"నా పెనిమిటి కోసం కోర్టుకొచ్చి సాచ్చెం సెప్పినోడు ఎవడైనా ఉంటే ఆడు నన్నాపమనండి" అంది.

ఆవిడ నావైపు చూసింది. నేను పక్కకి జరిగి దారి ఇచ్చాను.

కొరివి పెట్టేసరికి సముద్రం మీంచి వాన మొదలైంది. చితి ఇంకా అంటుకోలేదు, పొగ మాత్రమే వస్తోంది. కలాసీలు పరుగున వెళ్లి బస్తాల మీద కప్పే పెద్ద టార్పాలిను తెచ్చారు. అంచు చుట్టూ ఇరవైమంది నిలబడి, చేతులు పైకెత్తి, చితి మీద దాన్ని పందిరిలా పట్టుకున్నారు. పొగంతా దానికింద నిండిపోయింది. వాళ్ల మొహాలు కనపడటం లేదు, దగ్గులు మాత్రం వినపడుతున్నాయి. మంట లేచాక వేడికి ఒక్కొక్కరూ మొహం పక్కకి తిప్పుకున్నారు గానీ, వాన తగ్గేదాకా ఒక్కడూ చెయ్యి దించలేదు.